గోడకు చెప్పే చోటు

ఆ మన్నుపెళ్ల దగ్గింది.

మా అరుగు మీద బల్ల వేసి, దాని మీద అరచేతంత మన్నుపెళ్ల పెట్టి, పాత గోడలను పరిశోధించడానికి వచ్చిన డాక్టర్ మృణాళిని తన యంత్రంలోంచి వెంట్రుకంత సన్నని వెలుతురును దాని మీద నడిపిస్తోంది. పక్కనున్న పెట్టెలోంచి ముందు గాలి హోరు వినిపించింది. తరువాత గుమ్మం బయటినుంచి అన్నట్టు ఎవరో ముసలాయన గొంతు సవరించుకుని దగ్గాడు. ఆ వెంటే ఒక ఆడగొంతు, "సుట్ట మానీమంటే ఇనవు గదా. దగ్గు, బాగా దగ్గు" అంది.

చుట్టూ మూగిన జనంలో ఎర్రయ్య ఉలిక్కిపడ్డాడు. అరవై దాటిన మనిషి, పడవల ఆసామి. "మా తాతరా! మా తాత దగ్గే అది! తిడుతున్నది మా మామ్మ!" అని అరిచి, నవ్వుతూనే తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. ఆ పెళ్ల వాళ్లింటిదే. కిందటేడు సముద్రం ఆ ఇంటిని తీసుకుపోతే, ఒడ్డున మిగిలిన మన్నుగుట్టలోంచి మృణాళిని ఏరి తెచ్చింది.

"గోడ డాక్టరమ్మా, మా తాత సేత ఇంకోపాలి దగ్గించమ్మా" అని బతిమాలాడు.

ఆమె నవ్వి మీట నొక్కింది. తాత మళ్లీ దగ్గాడు.

మా గవ్వలపాలెం ఆడవాళ్లకు ఒక ఆచారం ఉంది. ఏటా వేట ఆపేసే ఎండల్లో ఎర్రమన్ను, పేడ, ఊటబావి ఉప్పునీళ్లు కలిపి తొక్కి గోడలకు మెత్తుతారు. గుమ్మానికి కుడిపక్క, మనిషి కూర్చుంటే ముఖానికి ఎదురుగా వచ్చేంత ఎత్తులో, చెప్పే చోటు ఉంటుంది. మెత్తడం అక్కడే మొదలుపెట్టి, ఆ తడి ఆరేదాకా ఇంటావిడ దాని ముందు కూర్చుని ఆ ఏటి సంగతులు గోడకు చెబుతుంది. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ పడవ తిరిగి రాలేదు, ఎవరి మీద కోపంగా ఉంది. ఆ పూట మగవాళ్లు ఇంట్లో ఉండకూడదు. ఎందుకమ్మా గోడకు చెప్పడం అని చిన్నప్పుడు అడిగితే మా అమ్మ, "మనుసులకి సెప్తే ఊరంతా తిరుగుతాది నాయినా. గోడైతే కడుపులో ఎట్టుకుంటాది" అంది.

అమ్మ అన్నది నిజమేనని మృణాళిని యంత్రం తేల్చింది. ఉప్పునీటి మన్ను ఆరేటప్పుడు లోపల ఉప్పు సన్నటి రవ్వలు కడుతుంది. గదిలోని చప్పుళ్లకు వణుకుతూ కట్టిన రవ్వలు ఆ వణుకును అలాగే పట్టుకుంటాయి. ఆమె వెలుతురు ఆ రవ్వలను తడుముతూ పోతే వణుకు మళ్లీ చప్పుడవుతుంది. ఒక పొర విన్నాక దాన్ని గీకేసి కింది పొర వినాలి. నేను బి.ఎస్సీ. చదివి, ఓడరేవులో ఆటుపోట్లు కొలిచే కొలువు చేసి రిటైరైనవాణ్ణి. నాకు అర్థం కావడానికి ఒక సాయంత్రం పట్టింది. మా వదిన దేముడమ్మకు ఆ మాత్రం కూడా పట్టలేదు. "మరేటి? ఇన్నాళ్లూ ఉత్తినే సెప్పేవనుకున్నావా, మరిదీ?" అంది.

దేముడమ్మ మా అన్న భార్య. అన్న పోయాడు. ఊళ్లో ఆడవాళ్లందరిలోకీ పెద్దది. కులపెద్దలు కూడా ఆవిడ ముఖం చూసే తల ఊపుతారు. ఆ రోజు ఎర్రయ్య తాత దగ్గు విన్న తరువాత ఆవిడ లేచి నిలబడి, నా ఇంటి గోడ వంక చూసింది.

ఎందుకు చూసిందో చెప్పాలి. ఊరిని సముద్రం ముందునుంచి తింటూ వస్తోంది. మిగిలినవి రెండు వరసల ఇళ్లు. ప్రభుత్వం గుట్ట మీద కాలనీ కట్టించి తాళాలు చేతికిచ్చినా ఒక్క కుటుంబమూ కదల్లేదు. మూలపురుషుడు నరసయ్య తాత ఇక్కడ పడవ దిగి, "నా గడప దాటి రాకు, నా బిడ్డలు ఈ గడప ఇడిసిపోరు" అని గంగమ్మతో మాట తీసుకున్నాడని ఊరి నమ్మకం. మనం మాట తప్పితే ఆమె తప్పుతుందని వదిన వాదం. ఆ నీళ్ల ఎత్తు ఉద్యోగం పొడుగునా కొలిచిన నాకు, రాబోయే తుఫానుల్లో ఈ రెండు వరసలు నిలవవని తెలుసు. చెప్పినప్పుడల్లా వదిన, "నీ కొలతబద్ద గంగమ్మ సూసిందేటి?" అనేది.

"తాత నాటి గోడ ఇంకా ఉంది కదా" అంది వదిన ఆ రోజు. "మా మరిది సుట్టిల్లు. ఆ మాట ఆనాడు గోడకి సెప్పకుండా ఉంటారేటి? ఇనిపించమ్మా డాక్టరమ్మా. మాట ఉంటే మేం ఉంటాం. లేదంటే అందరం గుట్టెక్కుతాం."

అందరూ నా వైపు తిరిగారు. మా తీరం అంతటా ఒకప్పుడు గుండ్రటి మట్టి ఇళ్లే ఉండేవి, పైన తాటాకు, లోపల మూలలు లేని గోడ. ఊళ్లో అలాంటిది ఇప్పుడు నాదొక్కటే. నేను తల ఊపాను. ఊపిన తరువాత గానీ నా గోడ మీద పైపొర ఎవరిదో నాకు గుర్తు రాలేదు.

సాయంత్రం మృణాళిని లోపలికి వచ్చి చెప్పే చోటును భూతద్దంతో చాలాసేపు చూసింది. ఊరి పిల్లలు ఇచ్చిన తాటిముంజెలు గిన్నెలో అలాగే ఉన్నాయి.

"దానయ్యగారూ, ఒక సంగతుంది" అంది చివరికి. "మన్నులో ఉప్పు కుదురుకోవడానికి ముప్ఫై ఏళ్లకు పైగా పడుతుంది. అంతకన్నా లేత పొర మీద నా వెలుతురు పడితే రవ్వలు కరిగిపోతాయి. ఏమీ వినపడదు. కాబట్టి పైనున్న పొరల్ని వినకుండానే గీకెయ్యాలి."

"అలాగే ఉంచేసే దారి లేదా?"

"ఉంది. జిగురు పట్టించి ఆ చోటును గోడతో సహా కోసి తీసుకెళ్లొచ్చు. పైపొరలు భద్రంగా ఉంటాయి. ముప్ఫై ఏళ్ల తరువాత ఎవరైనా వింటారు. కానీ జిగురు అడుగుదాకా ఇంకి పాత పొరల్ని మూసేస్తుంది. ఇదీ అదీ రెండూ కుదరవు." ఆమె భూతద్దం దించి నన్ను చూసింది. "పైపొర మీ ఆవిడగారిదా?"

నేను అవునన్నాను. వెళ్తూ వెళ్తూ ఆమె గుమ్మం దగ్గర ఒదిగి, గోడకు భుజం తగలకుండా బయటికి నడిచింది. ఆ జాగ్రత్తకు నేను లోలోపల ఆమెకు దండం పెట్టుకున్నాను.

నా భార్య కాసులమ్మ ఆఖరిసారి మెత్తిన రోజు నేను పడవల నీడన కూర్చున్నాను. మిగతా ఆడవాళ్లంతా చెప్పడం ముగించి బయటికొచ్చినా ఆమె రాలేదు. పొద్దు వాలింది. వచ్చినప్పుడు మోచేతుల దాకా మన్ను, ముఖంలో ఏదో బరువు దించుకున్న తేలిక. "ఇంతసేపు ఏం చెప్పావు?" అన్నాను. "నీకెందుకు? గోడకి సెప్పినాను. టీ ఎట్టు" అంది. జబ్బు సంగతి అప్పటికే ఆమెకు తెలుసని తరువాత డాక్టరు చెప్పాడు. వానలు పడకముందే పోయింది. దినాలు అయ్యాక గోడకు మన్ను మెత్తాలని వదిన వస్తే నేను ఒప్పుకోలేదు. మూడేళ్లుగా ఆ గోడ ఆమె చేతివేళ్ల గీతలతోనే ఉంది. పొద్దుటి ఎండ తలుపులోంచి ఏటవాలుగా పడినప్పుడు ఆ గీతలు నీళ్లలో అలల్లా కదులుతాయి. ఆ కాసేపూ నేను టీ తాగుతూ వాటిని చూస్తాను. రోజంతటికీ అది చాలు.

మర్నాడు వదిన కవ్వళ్ల చేపల పులుసు తెచ్చింది. నేను ఆమెకు సంగతి చెప్పాను. వింటున్నదల్లా గిన్నె మూత ఠపీమని పెట్టింది.

"అయితే ఒద్దు."

"నువ్వే కదా వదినా అడిగావు?"

"నాకు తెల్దు కదా! కాసులు మాట గోకేసి తాత మాట ఇనాలా? ఆ పిల్ల ఆ పూటంతా ఏడిసి ఏడిసి సెప్పుంటాది. నాను పక్కింట్లోనే ఉన్నాను, మాట ఇనపడకపోనా ఎక్కిళ్లు ఇనపడ్డాయి. జిగురు ఎట్టించు. ఎవులో ఒకలు ఇంటారు ఎప్పటికైనా."

"మరి మీరు గుట్ట ఎక్కుతారా?"

"దానికీ దీనికీ ముడెట్టకు."

"ఎక్కుతారా, ఎక్కరా?"

"ఎక్కం" అంది వదిన, చూపు తప్పించి. "పులుసు సల్లారిపోతాది. తిను."

వదిన అన్న ఆ ఎక్కిళ్ల మాట నాలో అలాగే ఉండిపోయింది. తినలేకపోయాను. బయటికి వచ్చి ఒడ్డున నడిచాను. సముద్రం ఆ రోజు వెనక్కి తగ్గి, పోయిన ఇళ్ల పునాదులను బయటపెట్టింది. ఎర్రయ్య మనవరాలు, ఇంకా కొందరు పిల్లలు ఒక పాత పొయ్యిగడ్డ చుట్టూ కూర్చుని ఇసుకతో అన్నం వండుతున్నారు. నీళ్లు వచ్చి వాళ్ల అన్నాన్ని ఎత్తుకుపోతున్నాయి, వాళ్లు కేకలేసి నవ్వి మళ్లీ వండుతున్నారు. "తాతా, నీకూ ఒడ్డించాం, కూకో" అంది ఆ పిల్ల. నేను కూర్చుని, గవ్వలో పెట్టిన ఇసుక అన్నం తిన్నట్టు నటించాను. నీళ్లు నా మోకాళ్ల దాకా వచ్చాయి. రెండో వరస ఇళ్లు అక్కడికి ఒక కేక దూరంలో ఉన్నాయి.

ముప్ఫై ఏళ్ల తరువాత కాసులమ్మ మాట వినడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అనుకున్నాను. ఆ ఉండవలసినవాళ్లు ఇక్కడ నాకు ఇసుక వడ్డిస్తున్నారు. అడుగుపొర వింటే గానీ వీళ్లను వదిన గుట్ట ఎక్కనివ్వదు. సంగతి అంతే. అది తెలిశాక కూడా లేచి నడవడానికి చాలాసేపు పట్టింది.

పైపొరలు నేనే తీశాను. మృణాళిని తన పలుచటి కత్తి ఇవ్వబోయింది. వద్దని కొబ్బరిచిప్ప తీసుకున్నాను. తడిగుడ్డ అద్ది, మెత్తబడిన మన్నును కాసులమ్మ వేళ్ల గీతల వెంటే, ఆమె ఎటు మెత్తిందో అటే గీకాను. గీకిన మన్నును ఇత్తడి పళ్లెంలో పట్టాను. వదిన గుమ్మంలో నిలబడి చూసింది. ఏళ్లకు ఏళ్లు చెయ్యి కింద మెత్తగా రాలిపోయాయి. ఏ ఏడు ఏ పొరో నాకు తెలియదు. పళ్లెం నిండింది.

"ఇక ఆపండి" అంది మృణాళిని హఠాత్తుగా. భూతద్దం పెట్టి చూసింది. "ఈ పొర సగం కుదురుకుంది. వెలుతురు పడగానే కరుగుతుంది, కరిగేలోపు వినపడొచ్చు. నా పెట్టె పట్టుకుంటుందని మాత్రం చెప్పలేను. ఒక్కసారే. వింటారా?"

వదిన లోపలికి వచ్చి నా పక్కన చతికిలబడింది.

ముందు నీళ్లు ఒలికిన చప్పుడు. ఎక్కడో కోడిపుంజు. ఆ తరువాత పద్దెనిమిదేళ్ల కాసులమ్మ.

"గోడా... అత్తకి జొరం. నన్ను సెప్పమంది. నాను కొత్తకోడల్ని, నాకేటి తెలుసు? ఈ ఏడు నాను ఒచ్చినాను, అదే సంగతి. ఈ మడిసి మంచోడే. పుస్తకం సదూతా తనలో తనే నవ్వుకుంటాడు. ఎందుకని అడిగితే సెప్తాడు గానీ నాకు తెలీదు. తెలిసినట్టు నవ్వెస్తాను. నువ్వు ఆయనకి సెప్పకు..."

అక్కడ గొంతు నీళ్లలో మునిగినట్టు మెత్తబడి, గాలిగా మారి, పోయింది. పొర మీద చిన్న తడి మచ్చ మిగిలింది. మృణాళిని పెట్టెను మళ్లీ మళ్లీ నొక్కింది. అందులో హోరు తప్ప ఏమీ లేదు.

నేను, "మంచోడే అంది" అన్నాను.

"మంచోడే అనుకుంటన్నాను అంది" అంది వదిన ముక్కు తుడుచుకుంటూ. "కొత్తకోడలు అంత బేగి నమ్మెస్తాదేటి?"

"లేదు వదినా, మంచోడే అనే అంది."

"సర్లే, మంచోడివే. పళ్లెం అటు జరుపు."

మృణాళిని గోడ వైపు తిరిగి తన తీగలు సర్దుకుంది. ఎంతసేపు సర్దుకుందంటే, మేమిద్దరం కళ్లు తుడుచుకుని మామూలు మనుషులం అయ్యేదాకా.

ఆ తరువాతి పొరలు అన్నీ పూర్తిగా కుదురుకున్నవే. మా అమ్మ వినిపించింది, నేను కాలేజీకి వెళ్లిన ఏడు ఇంట్లో అన్నం మిగిలిపోతోందని. నాయనమ్మ, ఆమె అత్త, ఆ పైన మాకు పేర్లు తెలియని గొంతులు. ఒక ఏడు అమ్మవారు సోకి పోయిన పసివాళ్ల పేర్లు, ఒక్కొక్కటే, తొందర లేకుండా. ఒక ఏడు కరువు. ఆ పొరలో నాలుగు మాటలకు మించి లేవు. ఒక ఏడు ఎవరో చెప్పడం మొదలుపెట్టి, నవ్వు ఆపుకోలేక, చివరిదాకా నవ్వుతూనే ఉండిపోయింది. ఎందుకో మాకు తెలియలేదు, కానీ వింటున్న ఊరంతా నవ్వింది. జనం పనులు మానుకుని మా చుట్టింటి చుట్టూ కూర్చునేవారు. పెట్టెలోంచి మాట వచ్చి గుండ్రటి గోడ వెంట తిరుగుతుంటే, ఎప్పటి మనుషులం మేమో, ఎప్పటి మాట అదో తెలియకుండా పోయేది. పిల్లలు ఆ గొంతుల్లోనే నిద్రపోయేవారు.

అడుగుపొర తేలిన రోజున అరుగు మీద చోటు చాలక ఎర్రయ్య మనుషులు పడవలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. వదిన తలారా స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ముందు వరసలో ఉంది. నరసయ్య తాత మాట కోసం ఆమె చేతులు జోడించి ఉంచింది.

వచ్చింది ఆడగొంతు. అలసిన గొంతు. మాటలు కొన్ని మా మాటల్లాగా లేవు, అయినా అర్థమయ్యాయి.

"గోడా, ఇను. మా ఊరు నీళ్లలోకి ఎల్లిపోనాది. నరసయ్య రానన్నాడు. గంగమ్మ నాకు మాటిచ్చినాది, గడప దాటదు అన్నాడు. గడప మీద కూకున్నాడు. కాళ్లు పట్టుకున్నాను, రాలేదు. పిల్లల్ని ఎత్తుకుని నాను గట్టెక్కినాను. తెల్లారి సూస్తే గడప లేదు, ఆయనా లేడు. నీళ్లు తీసాక ఎల్లి మా ఇంటి మన్ను కొంగున కట్టి తెచ్చినాను. నీలో కలిపినాను. ఆ గోడకి సెప్పిన సంగతులన్నీ నువ్వు ఎరుగుదువు, మళ్లీ సెప్పను. నా పేరు సోమాలు. ఇంక లేస్తాను, పిల్లలు ఆకలంటన్నారు."

పెట్టెలో ఆమె లేచిన చప్పుడు, అడుగుల చప్పుడు వినిపించి ఆగిపోయాయి.

ఎర్రయ్యే ముందు నోరు తెరిచాడు. "అయితే తాత ఈడికి రానే లేదేటి?"

"సోమాలు" అంది వదిన. ఆ పేరు ఎన్నడూ విననిది. ఇంకోసారి అని చూసుకుంది. జోడించిన చేతులు విడదీసి, తన అరచేతుల వంక చూసుకుని, నా వైపు తిరిగింది. "మరిదీ, ఆ గోకిన మన్ను పారెయ్యలేదు కదా?"

"లేదు."

"డాక్టరమ్మా, ఆ మన్నులో కాసులు మాట ఏటైనా మిగిలుంటాదా?"

మృణాళిని అబద్ధం చెప్పే మనిషి కాదు. "లేదమ్మా. పొడి అయ్యాక ఏమీ మిగలదు" అంది.

"ఇనపడదేమో. మన్నయితే మన్నే కదా" అంటూ వదిన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "లెగండి. ఎవరి మన్ను ఆళ్లు తవ్వుకోండి. ఎల్దాం."

ఆ ఏటి తుఫాను రెండు వరసలనూ, నా చుట్టింటినీ కలిపి తీసుకుపోయింది. గుట్ట మీద నుంచి అందరం చూశాం. ఒక మేక తప్ప ప్రాణనష్టం లేదు. ఆ మేక కూడా మర్నాడు పక్క ఊళ్లో దొరికింది.

కాలనీ గోడలు సిమెంటువి. వాటి మీద మన్ను నిలవదు. మొదటిసారి మెత్తింది మెత్తినట్టే జారి ఎర్రయ్య నెత్తి మీద పడింది. కాంట్రాక్టరు మనిషి వచ్చి, "కొత్త రంగు పాడుచేస్తున్నారేంటమ్మా!" అని గొడవపెట్టాడు. వదిన అతనికి టీ ఇచ్చి, "నీ రంగు నీ అంత అందంగా ఉంది నాయినా, ఒక్క జానెడే ఇయ్యి" అని ఒప్పించింది. గుమ్మానికి కుడిపక్క రంగు గీకి, గోనెపట్టా మేకులతో బిగించి, దాని మీద పొట్టు కలిపిన మన్ను మెత్తితే నిలిచింది. ఆ తరువాత ప్రతి ఇంట్లోనూ అలాగే. గుట్ట మీద ఊటబావి లేదు. ఎర్రయ్య ఒడ్డు నుంచి బిందెలతో ఉప్పునీళ్లు మోయించాడు.

చివరగా నా ఇల్లు. ఇత్తడి పళ్లెంలోని మన్ను కొత్త మన్నులో కలిపి వదిన తొక్కింది. నేనూ తొక్కాను. "మెల్లగా, మరిదీ, పడవ తోస్తన్నావేటి?" అని ఎకసెక్కం చేసింది. మెత్తడం అయ్యాక, ఆచారం ప్రకారం, నేను బయటికి వెళ్లబోయాను.

"ఎక్కడికి?"

"నువ్వు చెప్పాలి కదా వదినా?"

"నా గోడకి నాను సెప్పుకుంటాను. నీ గోడకి నువ్వే సెప్పుకోవాల."

"మగవాళ్లు చెప్పకూడదు కదా?"

"ఆ నరసయ్య నోరు మూసుకుని గడప మీద కూకునే కదా పోయాడు? సెప్పు." ఆమె బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

తడి గోడ ముందు కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. అలవాటు కొద్దీ ఆ రోజు పోటు ఎంత ఎత్తు వచ్చిందో చెప్పాను. ఎర్రయ్య మనవరాలు బడిలో చేరిందని చెప్పాను. గుట్ట మీద గాలి బాగుందని, ఇక్కడినుంచి సముద్రం నీలంగా, ఏ పాపం ఎరగనట్టు కనిపిస్తుందని చెప్పాను. మన్ను ఇంకా తడిగానే ఉంది.

"కాసులమ్మ పోయింది" అన్నాను. "మూడేళ్లయింది. నీకు ఎవరూ చెప్పలేదు."

బయట వదిన, ఎవరినో, కేకలు మానమని కసురుకుంది. గాలి కాస్త తగ్గింది. మన్ను ఆరడానికి ఇంకా చాలా పొద్దుంది. మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.